మొరాయించిన అజగర యంత్రం

కాటుకకొండ దూరం నుంచి చూసేవాళ్ళకి తల తెగిన ఏనుగులా కనిపిస్తుంది. దాని ఒంటి మీద గడ్డిపరకైనా మొలవదు. ఎండ సోకితే మాత్రం ఆ నల్లరాళ్ళ మీద నెమలికంఠపు నీలం, జీరంగి పురుగు రెక్కల పచ్చదనం, ఆరిపోయే నిప్పుకణికల ఎరుపు ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగెడతాయి. కొండ నడినెత్తిన ఆకాశంకేసి నోరు తెరిచిన పెద్ద గొయ్యి ఉంది. దాని పేరు రసకూపం. అందులో ఉన్నది నీళ్ళు కావు. పాతబడిన చింతపులుసుకన్నా పుల్లని నల్లటి బురద అడుగు నుంచి బుడబుడమంటూ ఊరుతూనే ఉంటుంది. ఇనుప గొలుసు అందులో వేస్తే పూట తిరక్కుండా కరిగిపోతుంది. మనిషి చర్మాన్ని మాత్రం అది తీరుబడిగా మండిస్తుంది.

ఆ పొద్దున ఇద్దరు మనుషులు కొండ మెట్లెక్కుతున్నారు. ముందు నడుస్తున్న నడివయసు స్త్రీ పేరు రత్నాంగి. నీలతోరణ రాజ్యంలో యంత్రశాలకు ఆమె అధిపతి. కోట తలుపులు మూసే యంత్రాల దగ్గర నుంచి రాణీవాసపు జలయంత్రాల దాకా ఆమె చెయ్యి పడనిది లేదు. వెనక పనిముట్ల మూట మోస్తూ, తలకు మురికి పాగా చుట్టుకుని, ముఖానికి మసి పూసుకుని వస్తున్న యువకుడు ఆ రాజ్యపు రాకుమారుడు ఉదయకేతుడు.

కొండ మీద కాపురమున్న మాంత్రికుడు ఘూకాక్షుడు అతని అక్క హేమవల్లిని బంధించాడు. రసకూపం అడుగున ఒక రాతి తలుపు ఉంది. దాని వెనక నాగముద్రిక అనే ఉంగరం ఉంది. ఆ ఉంగరం వేలికి పెట్టుకున్నవాడి మాట భూమ్మీది పాములన్నీ వింటాయి. అది మాంత్రికుడి చేత పడకుండా ఆపాలని కొందరు భటులతో వచ్చిన హేమవల్లి, ఆ భటులతో సహా పట్టుబడిపోయింది. ఇంతలో కూపంలోని బురద తోడే యంత్రం మొరాయించింది. దాన్ని బాగుచెయ్యగల వాళ్ళు కావాలని మాంత్రికుడు ఊరూరా చాటించాడు. ఆ చాటింపే వీళ్ళకి కొండ మీదికి దారి చూపించింది.

"బాబూ, పైకెళ్ళాక నిన్ను ఒరే మల్లా అనాలి. పని ఆలస్యమైతే తిట్టాలి," అంది రత్నాంగి.

"తిట్టండత్తా. కానీ మరీ సంతోషపడిపోతూ తిట్టకండి," అన్నాడు ఉదయకేతుడు.

"నీకు గుర్రపుబొమ్మలు చేసిచ్చిన రోజుల నుంచీ దాచుకున్న తిట్లు. కాస్త సంతోషం తప్పదు."

మెట్ల చివర ఒక ఉప్పుబొమ్మ నిలబడి ఉంది. నిలువెత్తు మనిషి, చేతిలో సుత్తి, కళ్ళలో ఆశ్చర్యం. అంతకుముందు యంత్రం బాగుచెయ్యడానికి వచ్చి, చెయ్యలేకపోయినవాడు అతడే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఆ బొమ్మను దాటి లోపలికి నడిచారు.

కూపం అంచున, కొండనే తొలిచి చేసిన విశాలమైన మంటపం అది. పైకప్పు నిండా స్ఫటికాలు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. మధ్యలో రథచక్రం పట్టేంత రాతిగూడు నిలబెట్టి ఉంది. అదే అజగర యంత్రం. గూటి లోపలి గోడకు ఆనించి గుర్రపులాడంలా వంచిన లావాటి గొట్టం ఉంది. తిమింగిలం తోలును పొరలు పొరలుగా జిగురుతో అతికి చేసిన గొట్టమది. గూటి నడుమ ఒక చక్రం, దాని అంచున ఎదురెదురుగా రెండు నున్నటి దొర్లుడు దుంగలు. చక్రం తిరిగితే దుంగ గొట్టాన్ని అదిమి, ముందున్న బురదను తోసుకుపోతుంది. దుంగ దాటిపోగానే గొట్టం పొంగి గుండ్రబడి, కింద నుంచి కొత్త బురదను లాక్కుంటుంది. మొదటి దుంగ పట్టు వదిలేలోపే రెండోది పట్టుకుంటుంది. కొండచిలువ మింగిన ఆహారం దాని ఒంట్లో జరిగినట్టు బురద అలా జరుగుతూ కొండ అవతలి మడుగులో పడుతుంది. బురద తగిలేది గొట్టం లోపలి పొరకే. చక్రానికి, ఇరుసుకు దాని పులుపు సోకదు. చక్రాన్ని తిప్పడానికి రెండు ఖడ్గమృగాలు గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతున్నాయి.

వాటిని తోలుతున్న భారీ మనిషి వీళ్ళను చూసి ఆగాడు. చెవులు చేటల్లా ఉన్నాయి. పేరు గజకర్ణుడు.

"వచ్చారా? బాగుచేస్తే బంగారం. చెయ్యకపోతే ఉప్పు. మీ ఇష్టం," అన్నాడు.

"జబ్బేమిటో ముందు చెప్పు," అంది రత్నాంగి.

"చక్రం తిరుగుతుంది. బురద రాదు. వచ్చినా పసిపిల్ల కక్కినంత."

"ఉన్నట్టుండి ఆగిందా, రోజురోజుకూ తగ్గుతూ వచ్చిందా?"

గజకర్ణుడు చెవులు ఆడిస్తూ ఆలోచించాడు. "తగ్గుతూ వచ్చింది."

అతని మాట పూర్తికాకముందే మంటపంలో చలిగాలి వీచింది. బూడిదరంగు ఈకల శాలువా కప్పుకున్న ఒక పొడుగాటి మనిషి స్తంభం చాటు నుంచి ఇవతలికి వచ్చాడు. గుండ్రటి పసుపు కళ్ళు, వాటికి రెప్పపాటు లేదు. అతడే ఘూకాక్షుడు.

"యాంత్రికురాలా, ఈ పొద్దు కుంకేలోపు కూపం అడుగు నాకు కనిపించాలి. ఇంక నా ఓపిక అయిపోయింది," అన్నాడు.

ఉదయకేతుడు వెంటనే గూటి మూత విప్పబోయాడు. రత్నాంగి అతని చేతి మీద ఒక్కటేసింది.

"ఒరేయ్ మల్లా! రోగం నోట్లో ఉండగా పొట్ట కోస్తావేరా, మొద్దు వెధవా! ముందు అది మింగుతోందో లేదో చూడు. ఆ మూతి పైకి లాగు!"

తిట్టులో సంతోషం స్పష్టంగానే వినిపించింది. ఉదయకేతుడు తల వంచుకుని, కూపంలోకి దిగిన గొట్టాన్ని తాళ్ళతో పైకి లాగాడు. దాని మూతికి కట్టిన చెక్క జల్లెడ నిండా గుడ్డపేలికలు, నారలు బిగుసుకుపోయి ఉన్నాయి. అతడు వాటిని కర్రతో గోకి తీస్తూ ఒక పేలిక దగ్గర ఆగిపోయాడు. నీలిపట్టు, దాని మీద వెండిజరీతో నేసిన చిలకల బారు. అది అక్క ఉత్తరీయపు అంచు.

"అవి ఖైదీల బట్టలు. కూపం గోడలో గుహ ఉంది, వాళ్ళు అందులో ఉన్నారు," అన్నాడు గజకర్ణుడు. "యంత్రం మొరాయించాక బురద పైకొచ్చి గుహలోకి పోయింది. నడుం లోతు దాటింది. బట్టలు పులిసి, పీలికలై కొట్టుకొస్తున్నాయి."

ఉదయకేతుడి పిడికిలి బిగిసింది. పసుపు కళ్ళు అతనివైపు తిరిగాయి.

"ఏమిట్రా గుడ్లప్పగించి చూస్తున్నావు? ఆ చిలకలు నీతో మాట్లాడతాయా? కడుగు!" అని రత్నాంగి గట్టిగా కసిరింది. తరవాత జల్లెడ మీదకు వంగి, పెదవి కదపకుండా అంది: "బతికే ఉంది బాబూ. చేతులు ఆపకు."

"యంత్రం బాగుపడితే ఉంగరం వాడికి దక్కుతుంది. బాగుపడకపోతే అక్క మునిగిపోతుంది," అన్నాడతను గొణుగుతూ.

"ముందు మనుషులు. ఉంగరం సంగతి తరవాత చూద్దాం."

శుభ్రం చేసిన జల్లెడను మళ్ళీ కూపంలోకి దించారు. ఖడ్గమృగాలు కదిలాయి. ఈసారి బురద కొంచెం ఎక్కువగానే వచ్చింది. కానీ మధ్యమధ్య గుటకలు పడుతోంది. గొట్టం చివర గాలి తుస్సుమంటోంది. రత్నాంగి సాంబ్రాణి కడ్డీ ఒకటి వెలిగించి, దాన్ని గొట్టం పొడవునా మెల్లగా జరుపుకుంటూ పోయింది. పొగ నిటారుగా లేస్తూ వచ్చి, రెండు గొట్టాలు కలిసే అతుకు దగ్గర ఉన్నట్టుండి వంగి, లోపలికి దూరిపోయింది.

"ఇక్కడ గాలి తాగుతోంది. గాలి తాగే నోరు బురద ఎలా తాగుతుంది?" అంది. ఉదయకేతుడు అతుకు విప్పి, జిగురు పట్టించి, పచ్చితోలు పట్టీ చుట్టి బిగించాడు. గుటకలు ఆగిపోయాయి.

ఘూకాక్షుడు ముందుకు వంగి చూశాడు. "ఇంతేనా?"

"ఇంకా ఉంది. మృగాలను ఆపండి."

మృగాలు ఆగాయి. పైకెక్కిన బురద అక్కడే నిలవాల్సింది పోయి సరసరా వెనక్కి జారి కూపంలోకి పోయింది. అప్పుడు రత్నాంగి గూటి మూత విప్పించింది. లోపల వేడి ముఖానికి కొట్టింది. గొట్టం వీపు మీద నూనె తడి అన్నదే లేదు. ఎండాకాలపు పెదవిలా పగుళ్ళు దేలి ఉంది.

"ఈ గూటిలో సగం దాకా ఇప్పనూనె ఉండాలి. లేకపోతే దుంగ రాసుకుని గొట్టం కాలిపోతుంది. నూనె ఏమైంది?"

గజకర్ణుడు పైకప్పు స్ఫటికాల వంక చూశాడు.

"నిన్నే!"

"గారెలు వేయించుకున్నాను," అన్నాడతను చివరికి. "ఈ కొండ మీద తినడానికేం ఉంది తల్లీ? అప్పుడో గరిటె, అప్పుడో గరిటె..."

ఘూకాక్షుడి పసుపు కళ్ళు ఎర్రబడ్డాయి. అతని చూపుడువేలు లేచింది. రత్నాంగి చప్పున మధ్యకు వచ్చింది. "ఇతన్ని ఉప్పు చేస్తే మృగాలను తోలేదెవరు? వేరొకడి మాట అవి వింటాయా?"

వేలు కిందికి దిగింది. గజకర్ణుడు నూనెకుండ తెచ్చి గూటిలో పోశాడు.

దుంగల వెనక చెక్కరేకులు దూర్చి, అవి గొట్టాన్ని ఎంత గట్టిగా అదమాలో సరిచెయ్యడం చివరి పని. దుంగ అరిగిపోయింది. గొట్టం పూర్తిగా మూసుకోవడం లేదు. ఆ సందులోంచే బురద వెనక్కి జారుతోంది. రత్నాంగి ఒక్కొక్క దుంగ వెనక ఒక పలచటి రేకు దూర్చింది. చక్రం చేత్తో తిప్పి చూసి, చెవి ఆనించి విని, ఇంకొకటి దూర్చింది. అక్కడితో ఆపింది.

"ఇంకా రేకులున్నాయిగా. అన్నీ దూర్చు," అన్నాడు మాంత్రికుడు.

"ఊపిరి ఆడేలా పట్టుకుంటే పామును ఎంతసేపైనా పట్టుకోవచ్చు. నలిపేస్తే అది చచ్చిపోతుంది. ఎక్కువ అదిమితే గొట్టం వేడెక్కి చిట్లుతుంది."

యంత్రం కదిలింది. బురద కొండ అవతలికి ధారగా పోయింది. పైకి పోయే గొట్టం పూనకం వచ్చినట్టు ఊగుతుంటే ఉదయకేతుడు గోడకు మేకులు కొట్టి తాళ్ళతో కట్టేశాడు. ఊపు తగ్గింది. కూపం గోడ మీద తడి చార ఒక్కొక్క అంగుళమే కిందికి దిగసాగింది. రత్నాంగి చెమట తుడుచుకుని, మంచినీళ్ళు తాగడానికి మంటపం వెలుపలికి నడిచింది. ఉదయకేతుడు కుండతో ఆమె వెనకే వెళ్ళాడు.

అదే పొరపాటయింది.

"గజకర్ణా, ఆ మిగిలిన రేకులు దూర్చెయ్. ఆ మనిషికి బెరుకు ఎక్కువ," అన్నాడు ఘూకాక్షుడు.

గారెల తప్పు ఇంకా మెడ మీద వేలాడుతున్న గజకర్ణుడు వెంటనే కదిలాడు. మృగాలను ఆపి, రేకులన్నీ దుంగల వెనక దిగ్గొట్టి, కొరడా ఝళిపించాడు. బురద రెట్టింపు వేగంతో దూకింది. మాంత్రికుడు తొడ చరిచి నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే గూటి సందుల్లోంచి పొగ లేచింది. కమురువాసన కొట్టింది. రత్నాంగి కేక వేస్తూ పరుగెత్తుకొచ్చేసరికి ఫెడేలుమని శబ్దమైంది. గొట్టం నిలువునా చిట్లింది. నల్లటి బురద గూటి నిండా పొంగి, మూత ఎగరగొట్టి, మంటపమంతా చిమ్మింది. ఖడ్గమృగాలు రంకెలు వేశాయి. ఉదయకేతుడు ఒకదాని కొమ్ము పట్టుకుని వేలాడి, గోడను గుద్దకుండా తిప్పేశాడు.

తోడుడు ఆగిపోయింది. కూపంలో మట్టం మళ్ళీ లేవసాగింది. ఈసారి గొట్టంలోంచి వెనక్కి జారిన బురద కూడా తోడై వేగంగా లేచింది. కింద గుహలోంచి అరుపులు వినిపించాయి.

"నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి?" అని రత్నాంగి మాంత్రికుడి ముఖం మీదే అరిచింది. "ఉప్పు చేస్తారా? చెయ్యండి. తరవాత మీ తలుపు మీరే ఈదుకుంటూ వెళ్ళి తీసుకోండి!"

ఘూకాక్షుడు పళ్ళు కొరికాడు. "కొత్త గొట్టం ఉంది. మార్చండి!"

చుట్టచుట్టి ఉన్న కొత్త గొట్టాన్ని గజకర్ణుడు మోసుకొచ్చాడు. ఉదయకేతుడు రేకులన్నీ ఊడబీకి రెండు చివర్ల పట్టీలు విప్పాడు. రత్నాంగి చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే చిట్లిన గొట్టం తనంత తనే చచ్చిన పాములా ఇవతలికి జారి వచ్చింది. బురద చేతుల మీద మండుతోంది. గూడు కడిగి, చేత్తో తడిమి, రాతిగరుకు లేదని చూసుకున్నాకనే కొత్త నూనె పోశారు.

"ఎవరక్కడ?" కింద నుంచి ఒక స్త్రీ కంఠం వినిపించింది. అలసిపోయిన గొంతే, కానీ బెదరలేదు. "చక్రం ఆగిందేం? ఇక్కడ పొట్టివాళ్ళకు గడ్డం దాకా వచ్చింది. భుజాల మీదికి ఎక్కించుకుంటున్నాం!"

ఉదయకేతుడు కూపం అంచుకు వంగాడు. పనివాడి యాసలో అరిచాడు. "గొట్టం మారుత్తన్నామమ్మా! రవ్వంత ఓపిక పట్టండి!"

కింద ఆ గొంతులో గుర్తుపట్టిన సంతోషం మెరిసింది. "సరేరా పనివాడా! మీ అక్క కూడా నీకోసం ఇలాగే ఎదురుచూస్తూ ఉంటుంది. తొందరగా కానియ్!"

అతడు మసి ముఖాన్ని భుజానికి తుడుచుకుని వెనక్కి వచ్చాడు. కొత్త గొట్టం కొస గూటి నోట్లో పెట్టారు. రత్నాంగి చక్రం తిప్పింది. దుంగ దాన్ని పట్టుకుని లోపలికి లాక్కుంది. ఒక చివర పట్టీ బిగించారు. రెండో చివర బిగిస్తున్నారు. అంతలో మాంత్రికుడి చూపుకు జడిసిన గజకర్ణుడు ముందే కొరడా ఝళిపించాడు.

పట్టీ జారింది. చక్రం గొట్టాన్ని బారలు బారలుగా మింగడం మొదలుపెట్టింది. ఉదయకేతుడు ఒక్క దూకులో దాని చివర పట్టుకున్నాడు. పాదాలు రాతిగూటికి తన్ని వెనక్కి వాలాడు. చక్రం అతన్ని కూడా ఈడ్చింది. మోచేతులు గూటి అంచుకు తగిలాయి.

"ఆపు! ఆపరా గారెల రాక్షసుడా!" అంది రత్నాంగి.

మృగాలు ఆగాయి. దుంగకూ గూటి గోడకూ నడుమ నలిగేందుకు అతని వేళ్ళకు ఇంకా జానెడే మిగిలింది. రత్నాంగి చక్రాన్ని వెనక్కి తిప్పి గొట్టాన్ని ఇవతలికి రప్పించింది. ఈసారి పట్టీని ఇద్దరూ కలిసి బిగించారు. దుంగల వెనక ఆమె మొదట పెట్టినన్ని రేకులే పెట్టింది. ఘూకాక్షుడు ఈమారు రేకుల జోలికి పోలేదు.

"ఇప్పుడు తోలు. మెల్లగా."

చక్రం తిరిగింది. పొగ లేదు, గుటక లేదు, వణుకు లేదు. మెత్తటి చప్పుడుతో బురద పైకి లేచి అవతలికి పోసాగింది. నడినెత్తి మీది సూర్యుడు పడమటికి వాలేసరికి గుహ నోరు బయటపడింది. దాని కింద మెట్లు, మెట్ల చివర పచ్చరాతి తలుపు. తలుపు మీద పడగ విప్పిన పాము బొమ్మ తడిగా మెరుస్తోంది.

ఘూకాక్షుడు ఈకల శాలువా విదిలించి మెట్లు దిగాడు. తలుపు ముందు నిలబడి మంత్రం చదివాడు. రాతిపాము పక్కకు జరిగింది. అతను లోపలికి అడుగుపెట్టి చీకట్లో మాయమయ్యాడు.

ఉదయకేతుడు పాగా విసిరికొట్టాడు. గునపం నడుముకు దోపుకుని తాడు పట్టుకుని కూపంలోకి జారాడు. గుహకు అడ్డంగా లావాటి కొయ్య కటకటాలు ఉన్నాయి. వాటి వెనక ఛాతీ దాకా నల్లబడిన మనుషులు. అందరికన్నా ముందు హేమవల్లి నిలబడి ఉంది. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆమె భుజం మీద ఒక పొట్టి భటుడు ఇంకా కూర్చునే ఉన్నాడు.

"దిగవయ్యా, బురద తగ్గింది," అని అతన్ని దించి, తమ్ముణ్ణి చూసి నవ్వింది. "మసి నీకు బాగానే నప్పింది. ఉంగరం?"

"వాడు లోపల ఉన్నాడక్కా. ముందు మీరు పైకి!"

గునపం రెండు పెట్లకు ఒక కొయ్య విరిగింది. ఒక్కొక్కరే తాడు పట్టుకుని పైకి పాకారు. పైన వాళ్ళను చెయ్యి పట్టి లాగుతున్నది గజకర్ణుడు. రత్నాంగి అతని పక్కనే నిలబడి ఉంది.

"చూడు నాయనా," అంటోంది ఆమె. "నీ యజమాని పైకొచ్చాడంటే ఖైదీలు పారిపోయినందుకు నిన్ను ఉప్పు చేస్తాడు. గారెలకు కూడా కలిపే చేస్తాడు. మాతో వస్తావా?"

"మీ ఊళ్ళో ఇప్పనూనె దొరుకుతుందా తల్లీ?"

"గారెలకు నువ్వులనూనె వాడతాం. ఇంకా బాగుంటాయి. మృగాలను వెనక్కి తిప్పగలవా? చక్రం ఎదురు తిరిగితే ఈ యంత్రం బయటి మడుగులో బురదను మళ్ళీ కూపంలోకే పోస్తుంది."

గజకర్ణుడు మృగాల చెవుల్లో ఏదో ఊది, వాటి తలలు పట్టుకుని ఎదురు దిక్కుకు తిప్పాడు. ఆఖరి భటుడి వెనక హేమవల్లి, ఆమె వెనక ఉదయకేతుడు అంచు ఎక్కేసరికి యంత్రం ఎదురుగా తిరుగుతోంది. కొండ అవతలి మడుగు గొట్టం గుండా తిరిగొచ్చి కూపంలోకి దబదబా దూకుతోంది. అడుగు నుంచి ఊరే బురద దానికి తోడైంది. మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. బురద తలుపు గడప దాటి లోపలికి పాకింది.

లోపలి నుంచి ఒక కేక వినిపించింది. కోపమో భయమో తెలియని కేక.

ఆ వెంటనే తలుపు సందులోంచి బూడిదరంగు సుడిగాలిలా ఏదో ఎగిసివచ్చింది. రెక్కలు విప్పితే మంటపం స్తంభాలను తాకేంత గుడ్లగూబ! దాని కాలిగోళ్ళ నడుమ పచ్చటి వెలుగు చిమ్ముతూ నాగముద్రిక.

"వాడే!" అంది హేమవల్లి. "ఉంగరం ఇంకా వేలికి పెట్టుకోలేదు. పెట్టుకోవడానికి మనిషి చెయ్యి కావాలి. ఎక్కడైనా నేల మీద వాలాడంటే మాత్రం అయిపోయినట్టే!"

గుడ్లగూబ కూపం నోటిగుండా ఆకాశంలోకి లేవబోతోంది. భటుల చేతుల్లో విల్లు లేదు, బాణం లేదు. ఉదయకేతుడు ఆలోచించలేదు. యంత్రపుగూటి మీదికి ఎక్కి, అక్కడి నుంచి గాల్లోకి దూకి, దాని రెండో కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు. పక్షి ఒక పక్కకు ఒరిగింది. ఒక్కసారి కిందికి జారింది. మళ్ళీ రెక్కలు కొట్టి అతనితో సహా పైకి లేచింది.

కాటుకకొండ అరచేతంత అయిపోయింది. అంచున నిలబడిన అక్క, రత్నాంగి, చేటచెవుల గజకర్ణుడు చీమలై కనుమరుగయ్యారు. ఎదురుగాలి చెంపలను కోస్తోంది. మరో కాలి గోళ్ళ మధ్య ఉంగరం చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఊగుతోంది. ఉదయకేతుడు ఒక చెయ్యి వదిలి చాచబోయి, తలెత్తి చూసి, గతుక్కుమన్నాడు.

పడమటి సూర్యుడు సూటిగా ఆ పక్షి ముఖాన కొడుతున్నాడు. పసుపు కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. మనిషిగా ఉన్నప్పుడు మాంత్రికుడికి పగలూ రాత్రీ ఒకటే. గుడ్లగూబకు మాత్రం పట్టపగలు దారి కనిపించదు. తను ఎటు పోతోందో దానికి తెలియదు. ముందు ఏమున్నదీ ఉదయకేతుడికి మాత్రమే కనిపిస్తోంది. మేఘాలను చీల్చుకుని నిలబడ్డ ఒక మంచుశిఖరం, దాని గోడ అద్దంలా నునుపు, క్షణక్షణానికీ పెద్దదవుతోంది.

"ఘూకాక్షా! కుడికి తిరుగు! కుడికి!" అని అతను గొంతు చించుకుని అరిచాడు.

శత్రువు మాట ఎవడు నమ్ముతాడు? గుడ్లగూబ ఎడమకు తిరిగింది. ఎడమన శిఖరం ఇంకా దగ్గరగా ఉంది.